కండక్టరు గారి కడుపు, నా గాజు సీసా

నా మనవరాలు నర్సింగు పూర్తి చేసి గచ్చిబౌలిలో ఒక ఆస్పత్రిలో చేరింది. చేరిన వారానికే ఇంటికొచ్చి, తన వార్డులో ఒక ముసలాయన కడుపునొప్పి అంటూ ఊరికే బెల్లు కొడుతున్నాడనీ, పరీక్షలన్నీ బాగానే వచ్చాయనీ, అదంతా ఉత్త నాటకమనీ చెప్పింది. దాని చేతిలో అన్నం పళ్లెం ఉంది కాబట్టి ఊరుకున్నాను. తిన్నాక కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. సగం విని నిద్రపోయింది. మిగతా సగం కోసం పోయినేటి డైరీలో మిగిలిన కాగితాలు తీశాను. ఖాళీ కాగితం పారేయడం నాకు చేతకాదు. ఆ చేతకానితనం మీదే ఈ రాత.

నేను చదివింది నాలుగో తరగతి. కొత్తగూడలో ఒక చిన్న దవాఖానాలో ఇరవై రెండేళ్లు ఆయమ్మగా పనిచేశాను. జీతం ఎప్పుడెంత పెరిగిందో, ఎవరు నాకు శాలువా కప్పారో రాయను. అవి ఎవరికీ పనికిరావు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలకు అదే ఉపయోగం.

బెంచీ

మా దవాఖానా చౌరస్తాకు కొంచెం లోపల, ఒక కిరాణా కొట్టు వెనక ఉండేది. రెండు గదులు, బయట రేకుల కింద ఒక బెంచీ. ఇప్పుడు ఆ పక్కన వంతెన వచ్చింది, మేడలు వచ్చాయి, నేను వెళితే ఏ సందులో తిరగాలో తెలియడం లేదు. తొంభైల చివర బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా బండలు, బండల మధ్య మేకలు. మాదాపూర్ వైపు కంప్యూటరు కంపెనీల గుండ్రటి మేడ లేచి అప్పటికి ఎంతో కాలం కాలేదు. దాని చుట్టూ ఇంకా బండలు పేలుస్తూనే ఉండేవారు. పేల్చే ముందు ఈల ఊదితే నేను పరుగెత్తి మందుల అల్మారా తలుపు పట్టుకునేదాన్ని. సీసాలన్నీ ఒక్కసారి గలగలమనేవి. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అది వినిపించని ఊరు నాకు కొత్త ఊరే.

మా డాక్టరు రాజయ్య సారు. సర్కారు దవాఖానాలో పనిచేసి రిటైరై, ఇక్కడ సొంతంగా పెట్టుకున్నాడు. నన్ను పనిలో పెట్టుకునేటప్పుడు చదువెంత అని అడిగాడు. నాలుగు అన్నాను. ఇంటి సంగతులు బయట చెప్పే అలవాటుందా అని అడిగాడు. లేదన్నాను. "అయితే రేపటి సంది రా. చదువు లేకున్నా నడుస్తది, నోరు లేకుంటేనే నాకు నడుస్తది" అన్నాడు. మెత్తటి మనిషి కాదు. నేనూ కాదు. అందుకే ఇద్దరికీ కుదిరింది.

అక్కడికి వచ్చేవాళ్లలో సగం మందికి కడుపు గొడవే. బండ కొట్టేవాళ్లు, భూములు అమ్ముకున్న ఊరివాళ్లు, కంప్యూటరు ఉద్యోగాల కోసం ఆంధ్ర వైపు నుంచి వచ్చిన పిల్లల వెనక వచ్చిన పెద్దవాళ్లు. అందరూ దానికి పెట్టుకున్న పేర్లు రెండే, గ్యాసు, అమీబా. పదేళ్ల చీటీలు సంచిలో వేసుకుని వచ్చేవారు. తిన్న వెంటనే మెలిపెట్టడం, నాలుగు రోజులు బిగించడం, మూడు రోజులు పరుగులు, వెళ్లొచ్చినా వెళ్లినట్టు ఉండకపోవడం. పరీక్షలో ఏమీ దొరకదు. ఇంట్లోవాళ్లు నమ్మరు.

సారు వాళ్లకు చెప్పేది నేను వంద సార్లు విన్నాను. పేగుకు పుండు లేదు, గడ్డ లేదు, కానీ అది తొందరగా అలుగుతుంది. అలిగినదాన్ని కొట్టి లాభం లేదు, సముదాయించాలి. ఏళ్ల తరబడి సముదాయించాలి. బీపీకి రోజూ మాత్ర వేసుకునేవాడు సిగ్గుపడడు కదా, కడుపు మాత్రకు సిగ్గెందుకు అనేవాడు.

కానీ ముసలివాళ్ల విషయంలో ఆయన ఇంకో మాట చెప్పేవాడు, అది నాకే ఎక్కువ చెప్పేవాడు. పాత జబ్బు పేరు చాటున కొత్త జబ్బు దాక్కుంటుంది, వయసు మళ్లినవాళ్ల కడుపు మారితే పాత చీటీ చూసి ఊరుకోవద్దని. అలా ఒకసారి నేను పట్టుకున్నాను కూడా. మా బోరబండ గల్లీలోని సత్తెమ్మ తొమ్మిదేళ్లుగా అవే మాత్రలకు వస్తోంది. ఒకరోజు చేయి చాచితే గాజులు మోచేతి దాకా జారాయి. అంతకు ముందు అవి సబ్బు రాస్తే తప్ప కదిలేవి కావు. లోపలికి వెళ్లి సారుకు చెప్పాను. ఆయన పెద్ద దవాఖానాకు పంపాడు. అక్కడ దొరికింది వేరే జబ్బు. ఆపరేషన్ అయింది, బతికింది, ఆ తర్వాత చాలా ఏళ్లు నాతో నల్లా దగ్గర కొట్లాడింది.

ఆ రోజు సారు నన్ను మెచ్చుకున్నాడు. మెచ్చుకోలు నాకు అలవాటు లేదు. తలకెక్కింది. అప్పటి నుంచి నేను మందుల అల్మారా దగ్గర సగం డాక్టరులా నిలబడేదాన్ని.

కండక్టరు గారు

సుందరరావు గారు బాపట్ల వైపు మనిషి. ముప్పై ఏళ్లు ఎర్ర బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక కొడుకు దగ్గరకు వచ్చారు. కొడుకు ఉద్యోగం పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో, తెల్లవారగానే బయలుదేరాలి. కోడలు పద్మకు గుండ్రటి మేడ దగ్గర ఒక కంప్యూటరు కంపెనీలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. అందుకే యూసుఫ్‌గూడలో కిరాయి ఇల్లు ఖాళీ చేసి కొత్తగూడ వచ్చారు. కానీ చదువు మధ్యలో పిల్ల బడి మార్చలేకపోయారు. పిల్ల పేరు బుజ్జి, ఒకటో తరగతి. బడి యూసుఫ్‌గూడలోనే. బడి రిక్షా మా వైపు రాదు.

కాబట్టి పొద్దున్నే పిల్లను బస్సులో బడికి చేర్చాల్సింది తాతగారే. ఆయన చేర్చలేకపోతే పద్మ ఉద్యోగం మానుకోవాలి. ఇంట్లో ఇంకో దారి లేదు. ఈ మాట ఆయనే మొదటిరోజు సారు ఎదుట చెప్పారు, చేతిసంచి ఒళ్లో గట్టిగా పట్టుకుని. ఆ సంచిలో ఏముందో తర్వాత తెలిసింది. ఒక జత బట్టలు, తువ్వాలు, నీళ్ల సీసా.

సాయంత్రం తీసుకురావడానికి భయం లేదట. సాయంత్రానికి కడుపు శాంతిస్తుంది. పోరంతా పొద్దునే. బస్సు ఎక్కి పది నిమిషాలు కాకముందే కడుపు తిప్పేది. ఆ రోజుల్లో మాదాపూర్ దాటితే చెక్‌పోస్టు దాకా దిగడానికి బండలు తప్ప ఏమున్నాయి?

ఇన్నేళ్లు బస్సులోనే ఉద్యోగం ఎలా చేశారని సారు అడిగాడు. అప్పుడు ఆయన చెప్పిన మాట నేను మరచిపోలేదు.

"అప్పుడూ ఈ జబ్బుందండీ. కానీ గంట తాడు నా చేతిలో ఉండేది. ఒకసారి లాగితే బస్సు ఆగేది, రెండుసార్లు లాగితే కదిలేది. ఆపగలనన్న ధైర్యంతో ముప్పై ఏళ్లలో పట్టుమని పదిసార్లు కూడా ఆపలేదు. ఇప్పుడు తాడు వేరేవాడి చేతిలో ఉందండీ. అది గుర్తొస్తే చాలు, కడుపు మెలిపెడుతుంది."

సారు నవ్వలేదు. కలం కింద పెట్టి, "నువ్వు చెప్పినంత మంచిగ మా ప్రొఫెసరు కూడ చెప్పలే" అన్నాడు.

ముందు పరీక్షలు చేయించాడు. వేరే జబ్బు లేదని తేలాక, ఎవరెవరో ఇచ్చిన అమీబా మాత్రలన్నీ ఆపేశాడు. తిండికి అరగంట ముందు మెలి తగ్గే మాత్ర, పడుకునే ముందు నీళ్లు ఎక్కువ పోసి ఇసబ్‌గోల్ పొట్టు. కొన్ని వారాలు చూసి, రాత్రికి ఒక చిన్న మాత్ర చేర్చాడు. మందుల షాపు వాడు అది మనసు జబ్బు మాత్ర అన్నాడట, సుందరరావు గారు ముఖం మాడ్చుకుని వచ్చారు. ఎక్కువ మోతాదులో దానికే ఇస్తారనీ, ఇంత తక్కువలో పేగు నరాలను జోకొడుతుందనీ సారు చెప్పాడు. పెద్ద వయసు కాబట్టి ఒక్కటే, రాత్రి పూటే, తల తిరిగినా మూత్రం బిగించినా వెంటనే రావాలన్నాడు. ఉదయం గంట ముందు లేవమన్నాడు. కడుపుకు దాని సమయం దానికివ్వాలి కదా.

రెండు నెలలకు ఆయన భయం లేకుండా పిల్లను తీసుకుని బస్సెక్కారు. ఆ రోజు తిరిగి వస్తూ బెంచీ దగ్గర ఆగి నాకు రిపోర్టు ఇచ్చారు. "కొత్తగూడ ఎనిమిదింపావు, యూసుఫ్‌గూడ తొమ్మిదికి పది తక్కువ. దారిలో ఆగింది లేదు, అంజమ్మా." ఆ తర్వాత రోజూ అదే రిపోర్టు. నేను నేల తుడుస్తూనే వినేదాన్ని. పైకి ఒక్క మాటా అనకపోయినా, అది వినకపోతే నాకు పొద్దు గడిచేది కాదు.

గాజు సీసా

ఇప్పుడు నా తప్పు.

ముసలివాళ్ల వేళ్లకు రేకులోంచి మాత్ర నొక్కి తీయడం కష్టం. అందుకని నేనే తీసి, పాత క్యాలెండరు కాగితాల్లో వారానికి సరిపడా పొట్లాలు కట్టి ఇచ్చేదాన్ని. తిండి ముందు మాత్రకు పొట్లం మీద సూర్యుడు, రాత్రి మాత్రకు చంద్రుడు గీసేదాన్ని. చదువు రానివాళ్లకు కూడా తెలిసిపోయేది. సారుకు ఈ పద్ధతి నచ్చింది. మంచి పద్ధతే. దాని పక్కనే నా సొంత పద్ధతి ఇంకొకటి నడిచింది, అది సారుకు తెలియదు.

ఆ రోజుల్లో మందుల షాపుల్లో రేకును కత్తెరతో కత్తిరించి నాలుగు, ఆరు అని ఇచ్చేవారు. రోగులు మిగిలినవి తెచ్చి నాకిచ్చేవారు, ఎవరికైనా పనికొస్తాయని. కంపెనీవాళ్లు ఇచ్చిన శాంపిళ్లలో ముక్కలు మిగిలేవి. వాటిని పారేయడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. అల్మారా కింది అరలో ఒక పెద్ద గాజు సీసాలో వేసేదాన్ని. రంగు చూసి, వేలితో తడిమి గుర్తుపట్టేదాన్ని. ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు. వచ్చినా లాభం లేదు, పేరున్న ముక్క ఎప్పుడో కత్తెరలో పోయింది.

ఒకసారి సుందరరావు గారి పొట్లాలు కడుతుంటే తిండి ముందు మాత్రలు తక్కువ పడ్డాయి. చిన్నవి, గుండ్రనివి, పసుపువి. నా సీసాలో చిన్నవి, గుండ్రనివి, పసుపువి ఉన్నాయి. అవే అనుకుని సూర్యుడి పొట్లాల్లో వేశాను. అవి తిండి ముందు మాత్రలు కావు, రాత్రి మాత్రలు. వేరే కంపెనీవి కాబట్టి రంగు మారింది.

సారును అడిగి ఉండొచ్చు. పక్క గదిలోనే ఉన్నాడు. అడిగితే పారేయమంటాడని అడగలేదు. అంతే, దానికి ఇంకో కారణం లేదు.

మూడు రోజులకు ఆయన బెంచీ మీద కూర్చుని, నోరు ఎండిపోతోందనీ, పగలు కూడా కళ్లు మూతలు పడుతున్నాయనీ అన్నారు. నేను చేతిలో పని ఆపకుండా, "ఎండలు సారు, మీ వయసు గూడ చూడాలె గద" అన్నాను. సత్తెమ్మ గాజులు చూసిన మనిషినే నేను. పాత పేరు పెట్టి ఊరుకోవద్దని విన్న మనిషినే. వయసు అన్న పేరు పెట్టి ఊరుకున్నాను. మొదటి తప్పుకు నాకు తెలియదని చెప్పుకోవచ్చు. ఈ రెండో తప్పుకు చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఆ రోజు

మరుసటి రోజు పొద్దున బస్సులో ఆయన నిద్రపోయారు. యూసుఫ్‌గూడ వచ్చింది. బుజ్జి లేపింది, లేవలేదు. ఆరేళ్ల పిల్ల, బడి కనిపిస్తోంది, దిగిపోయింది. ఒక్కతే రోడ్డు దాటి బడిలోకి వెళ్లింది. బస్సు సికింద్రాబాదు దాకా పోయింది. అక్కడ కండక్టరు తట్టి లేపితే పక్క సీటులో పిల్ల లేదు.

అక్కడి నుంచి ఆయన ఎలా వచ్చారో ఎప్పుడూ చెప్పలేదు. ఆటోలో బడికి వచ్చి, తరగతి కిటికీలోంచి పిల్లను చూసి, అక్కడే నేల మీద కూలబడ్డారట. బడివాళ్లు పద్మ ఆఫీసుకు ఫోను చేశారు.

మధ్యాహ్నం ఇద్దరూ మా దవాఖానాకు వచ్చారు. పద్మ మెడలో ఆఫీసు కార్డు అలాగే వేలాడుతోంది. ఏడవలేదు, అరవలేదు. తీర్పు చెప్పినట్టు చెప్పింది.

"మావయ్య గారిని ఒకసారి చూడండి డాక్టర్. నేను రేపు రిజైన్ చేస్తాను. ఆయన తప్పేం లేదు, వయసైపోయింది. ఆయన మీద ఇంత బరువు పెట్టడం మాదే తప్పు."

సుందరరావు గారు తల ఎత్తలేదు. సారు నాడి చూశాడు, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాడు, నాలుక చూశాడు. రాత్రి మాత్ర పగలు గాని వేసుకున్నావా అని అడిగాడు. లేదండీ, పొట్లం మీద బొమ్మ చూసే వేసుకున్నాను అన్నారాయన. సారు మళ్లీ అడిగాడు, గట్టిగా. ముప్పై ఏళ్లు టిక్కెట్టు టిక్కెట్టుకు లెక్క చెప్పిన మనిషి మెల్లగా అన్నారు.

"ఏమోనండీ. నేనే తారుమారు చేసి ఉంటాను. వయసు కదండీ."

నిన్న నేను ఆయనకు అంటించిన మాట అది. ఆయన నోట్లోంచి నాకే తిరిగి వచ్చింది.

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నిజం చెబుతున్నాను, ఊరుకుందామనే మొదట అనుకున్నాను. నాకు మొగుడు లేడు, పనే ఆధారం. ఎవరికీ తెలియదు, పొట్లం కాగితాలు ఎప్పుడో పొయ్యిలో కలిసి ఉంటాయి. ఊరుకుంటే ఆయన ఇంట్లో మూలన కూర్చునే ముసలాయన అవుతారు. పద్మ కార్డు తీసి బల్ల మీద పెడుతుంది. అంతే.

అల్మారా కింది అర తెరిచి సీసా తీసుకుని వచ్చి సారు బల్ల మీద పెట్టాను.

"సార్, ఆయిన తప్పు గాదు. గా పొట్లాలు నేను కట్టిన. తక్కువ పడితే గీ సీసలకెళ్లి తీసి ఏసిన. నిద్రొస్తుందని నిన్ననే నాకు చెప్పిండు గూడ. వయసని నేనే అన్న."

వాళ్లింట్లో మిగిలిన పొట్లాలు తెమ్మన్నాడు సారు. పద్మ వెళ్లి తెచ్చింది. వాటిలో మాత్రలు, సీసాలో మాత్రలు పక్కపక్కన పెట్టి, సీసా అడుగున పేరు సగం మిగిలిన ఒక రేకు ముక్క వెతికి చూశాడు. అవి రాత్రి మాత్రలే.

పద్మ నా వైపు తిరిగింది. "మా పాపకి ఏమన్నా అయ్యుంటే ఏం చెప్పేవారండీ?" అంది. అప్పుడూ 'అండీ' అనే అంది.

సారు సీసా నా చేతికిచ్చి, బయట గుంత తీసి అన్నీ పూడ్చి రమ్మన్నాడు. వచ్చాక, "దాచినందుకు కాదు అంజమ్మా నా కోపం. పేరు లేనిదాన్ని దాచినవ్, అదీ" అన్నాడు. నన్ను పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. తీయలేదు. తప్పు ఒప్పుకున్న మనిషిని పంపేస్తే రేపు దాచిపెట్టే మనిషి వస్తుందని వాళ్ల ఎదుటే అన్నాడు.

తర్వాత పద్మతో చెప్పాడు, మీ మామ బుర్ర సాఫ్‌గా ఉంది, వారం రోజుల్లో ఈ మత్తు వదులుతుంది, రాజీనామా తొందరపడి ఇవ్వకు అని. పద్మ నెల రోజులు చూస్తానంది. ఈ నెల పిల్లను ఎవరు చేరుస్తారని అడిగింది. నేను చేరుస్తానన్నాను. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. నమ్మకంతో కాదు, వేరే దారి లేక ఒప్పుకుంది.

నాలుగు తలుపులు

బోరబండ నుంచి నేను రోజూ వచ్చే దారే అది. ఇప్పుడు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు ఎక్కువ తిరగాలి. ఎనిమిదికి కొత్తగూడ చేరి, పిల్లను బడికి చేర్చి, పదికి దవాఖానా తెరిచేదాన్ని.

మొదటి వారం సుందరరావు గారు బస్టాపు దాకా వచ్చి ఆగిపోయేవారు. మత్తు వదిలింది, భయం మాత్రం ముందుకన్నా రెట్టింపయింది. ఇప్పుడు కడుపు భయం ఒక్కటే కాదు, నిద్ర భయం కూడా. పిల్ల చేయి నా చేతిలో పెట్టి, బస్సు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడేవారు. మూడోరోజు బుజ్జి కిటికీలోంచి చూసి, "తాతకి టిక్కెట్టు లేదా ఆయమ్మా?" అని అడిగింది.

ఆ మాట మీద నాకు గంట తాడు గుర్తొచ్చింది. ఆయనకు కావాల్సింది బస్సు ఆగడం కాదు, ఆపగలనన్న ధైర్యం. తాడు నేను తెచ్చివ్వలేను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేరుగా రాకుండా ఒక్కో స్టేజీలో దిగి నడిచాను. మాదాపూర్‌లో చాయ్ హోటల్ వెనక ఒక దొడ్డి, అదే పాయిఖానా, ఉంది, యజమాని సాయిబును అడిగాను. "పెద్దాయన కోసమే గదా, ఫికర్ చెయ్యకు, తాళం లేకుండ ఉంచుత" అన్నాడు. అక్కడికి కొంచెం దూరంలో మా పెద్దమ్మ కూతురి ఇల్లు. ఆ తర్వాత మేడ కడుతున్న చోట మేస్త్రీల షెడ్డు. చెక్‌పోస్టు దగ్గర పెట్రోలు బంకు, అక్కడ మాత్రం గొడవ పడాల్సి వచ్చింది. మొత్తం నాలుగు తలుపులు. రెండు రోజులు పట్టింది. నా జీవితంలో ఎవరినీ ఏదీ అడగని దాన్ని, దొడ్డి కోసం నలుగురిని అడిగాను.

నాలుగూ వరసగా చెబితే సుందరరావు గారు పాత టిక్కెట్టు వెనక రాసుకున్నారు, స్టేజీల పట్టిక రాసినట్టు. మరుసటి రోజు బస్సెక్కారు. మాదాపూర్‌లో దిగిపోయారు, హోటల్‌లో చాయ్ తాగకుండా కూర్చుని నేను తిరిగి వచ్చేదాకా ఉన్నారు. రెండు రోజులకు చెక్‌పోస్టు దాకా. సారు మళ్లీ రాత్రి మాత్ర మొదలుపెట్టాడు, ఈసారి రేకుతో సహా, పేరు ముక్క చివరిదాకా ఉంచి కత్తిరించాలన్న షరతుతో. ఆ షరతు నేను ఉద్యోగం మానేదాకా మా దవాఖానాలో నడిచింది. మందుల షాపు వాడు విసుక్కున్నా సరే.

ఆ నాలుగు తలుపుల్లో ఆయన వాడింది ఒక్కటే, ఒక్కసారే. సాయిబు హోటల్ వెనకది. తిరిగి వచ్చి, సిగ్గుపడకుండా, "ఒక గంట కొట్టానండీ ఈరోజు" అన్నారు.

తిరుగు ప్రయాణంలో పక్కపక్కన కూర్చునేవాళ్లం. ఒకరోజు ఆయన జేబులోంచి తన మాత్రల రేకు తీసి, ఈ అక్షరం ఏమిటో చెప్పు అన్నారు. నాకు రాదన్నాను, కోపంగానే అన్నాను. ఆయన కండక్టరుగా చేరినప్పుడు ఆయనకూ రాదట, బోర్డులు చూసి నేర్చుకున్నారట. రోజుకు రెండు అక్షరాలు. మాదాపూర్ నుంచి కొత్తగూడ దాకా దుకాణాల బోర్డుల మీద ఆ రెండూ వెతకాలి. కంప్యూటరు నేర్పే దుకాణాలు అప్పుడే కుక్కగొడుగుల్లా లేస్తున్నాయి, అన్నిటికీ ఇంగ్లీషు బోర్డులే. యాభై దాటిన ఆడదాన్ని బస్సు కిటికీలోంచి అక్షరాలు వెతుక్కుంటుంటే ముందు సీటు కాలేజీ పిల్లలు నవ్వేవారు. నవ్వనీ అనుకున్నాను. నెల చివరకు ఆయన రెండు మాత్రల పేర్లూ నేను కూడబలుక్కుని చదివాను. రెంటికీ ఒక్క అక్షరం కూడా పోలిక లేదు. రంగు చూసి మోసపోయాను గాని, పేరు చదివి ఉంటే మోసం లేదు.

నా మనవరాలికి ఇవన్నీ చాదస్తంగా ఉంటాయి. ఇప్పుడు పొట్లాలు లేవు, డబ్బాలు వచ్చాయి, పూట పూటకు గది ఉంటుంది. మంచిదే. అయినా ఆ గదుల్లో మాత్ర వేసేది మనిషే. ఏళ్ల తరబడి మందు వాడే ముసలివాళ్ల దగ్గర మనం చేసే తప్పులు పెద్ద చప్పుడు చేయవు. నోరు ఎండుతుంది, తల తిరుగుతుంది, నిద్ర వస్తుంది. వాళ్లు కూడా వయసే అనుకుంటారు, మనకన్నా ముందే ఒప్పుకుంటారు. వాళ్లు ఒప్పుకున్నారని మనం ఊరుకోకూడదు. పిల్లా, నీ వార్డు ముసలాయన బెల్లు కొడితే వెళ్లు. పదిసార్లు కొడితే పదిసార్లు వెళ్లు. వస్తావన్న నమ్మకం కుదిరాక ఆయనే కొట్టడం మానేస్తాడు.

నెల పూర్తయ్యే రోజున నేను ఎప్పటిలాగే ఎనిమిదికి కొత్తగూడ బస్టాపుకు వచ్చాను. తాత, మనవరాలు ముందే ఉన్నారు. పద్మ కూడా ఉంది, ఆఫీసు కార్డు మెడలో వేసుకుని, రోడ్డుకు అవతల వైపు నిలబడి చూస్తోంది. సుందరరావు గారి చేతిలో ఆ బట్టల సంచి లేదు.

బస్సు వచ్చింది. ఆయన పిల్లను ఎత్తి మెట్టు మీద నిలబెట్టి, తానూ ఎక్కారు. నేను కాలు పెట్టబోతే చేయి అడ్డం పెట్టారు.

"మీరెందుకమ్మా? వెళ్లి దవాఖానా తెరుచుకోండి. రిపోర్టు నేనొచ్చి ఇస్తాను."

అసలు కండక్టరు ముందు వైపు జనం మధ్య టిక్కెట్లు కొడుతున్నాడు. బస్సు కదలడం లేదు. సుందరరావు గారు మెట్టు మీద నుంచి బయటకు చేయి చాచి, బస్సు రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టారు. రైట్ అన్నారు, గట్టిగా, ముప్పై ఏళ్లు అన్న గొంతుతో. డ్రైవరు వెనక్కి కూడా చూడలేదు. బస్సు కదిలింది.

రోడ్డు అవతల పద్మ తన ఆఫీసు వైపు నడిచింది. నేను దవాఖానాకు వచ్చాను. తెరవడానికి ఇంకా గంటన్నర టైముంది. బెంచీ కడిగి, ఆయన వచ్చేసరికి ఆరేలా ఎండలోకి లాగాను.